మినీ మిల్లుకు సర్వో స్పిండిల్ మోటారు: నేను బిగించిన తీరు

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న మినీ మిల్లు (లోహాన్ని కోసే చిన్న మిల్లింగ్ యంత్రం) ముచ్చటగా మూడోసారి పళ్లు రాల్చుకుంది. పళ్లంటే దాని తలలో ఉండే ప్లాస్టిక్ గేర్ల పళ్లు. ఎక్స్2 తరహా చైనా యంత్రాలు వాడేవారికి ఈ బాధ కొత్త కాదు. 350 వాట్ల డీసీ మోటారు, దాని కింద ప్లాస్టిక్ గేర్లు. కటర్ కాస్త గట్టిగా పట్టుకుందంటే అన్నిటికంటే ముందు గేరే లొంగిపోతుంది. మోటారును కాపాడడానికే అలా పెట్టారని అమ్మేవారు చెబుతారు. మోటారు సంగతేమో గానీ, రాత్రి తొమ్మిది దాటాక ఆ గేర్లు చేసే రొదకు పక్కింటివారి ముందు నా పరువు మాత్రం దక్కలేదు.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి విరమించాను. చిన్నప్పుడు మా ఊరి బావి గట్టున నిమిషానికి 650 చుట్లు తిరిగే లిస్టర్ తరహా ఆయిల్ ఇంజన్ ఉండేది. దాన్ని ఆరో వంతు సైజులో చేసి, నిజంగా తిరిగేలా నిలబెట్టాలన్నది ఇప్పటి నా సరదా. ఇత్తడి, అల్యూమినియం, కొంత ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు). ఈ పనికి మెరుపు వేగం అక్కర్లేదు. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా సత్తువ తగ్గని స్పిండిల్ (కటర్‌ను పట్టుకుని తిప్పే ఇరుసు) కావాలి. అందుకని 750 వాట్ల ఏసీ సర్వో మోటారు (డ్రైవు అనే పెట్టె దాని చుట్లను కొలుస్తూ, సరిదిద్దుతూ నడిపే మోటారు) పెట్టాను. మూడు అక్షాలనూ అంతకుముందే సీఎన్‌సీకి (కంప్యూటరుతో నడిచేలా) మార్చుకున్నాను కాబట్టి, ఇక్కడ స్పిండిల్ సంగతి మాత్రమే చెబుతాను.

అసలు ఇది మీకు కావాలా?

హాబీ యంత్రాల మీద ఎక్కువగా కనిపించేది 2.2 కిలోవాట్ల, 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) స్పిండిల్, దాన్ని నడిపే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పెట్టె). 2,200 పక్కన 750 అంకె చూసి మా అబ్బాయి కూడా నవ్వాడు. వాట్లను చూడకండి, టార్కు (తిప్పే బలం) లెక్క వేయండి. వాట్లను 9.55తో హెచ్చించి ఆర్‌పీఎంతో భాగిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 2.2 కిలోవాట్ల స్పిండిల్‌కు 24,000 దగ్గర వచ్చేది 0.88 న్యూటన్ మీటర్లు. 750 వాట్ల సర్వోకు 3,000 దగ్గర 2.39. పైగా సర్వో ఆ 2.39ని దాదాపు సున్నా చుట్ల నుంచే ఇస్తుంది. రెండు మూడు సెకన్ల పాటైతే దానికి మూడు రెట్ల వరకు కూడా లాగుతుంది. 24,000 స్పిండిల్‌ను 800 చుట్లకు దించి స్టీలు కోయమంటే అది మూలుగుతూ ఆగిపోతుంది.

ఇప్పుడు మీ పని చూసుకోండి. 10 మి.మీ. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) ఎండ్‌మిల్లు కటర్‌తో ఎం.ఎస్.ను నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడుతో కోయాలంటే కావలసింది సుమారు 800 చుట్లు. 3 మి.మీ. కార్బైడ్ కటర్‌తో అల్యూమినియంను 150 మీటర్ల దగ్గర కోయాలంటే 16,000 చుట్లు. మీది మొదటి రకం పనైతే సర్వో మంచిది. నేమ్‌ప్లేట్లు, పీసీబీలు, చెక్క మీద నగిషీలు చేసేవారైతే చదవడం ఇక్కడితో ఆపి ఆ 24,000 స్పిండిలే కొనుక్కోండి. మీ పనికి అదే సరైనది.

నన్ను సర్వో వైపు లాగిన కారణం ఇంకొకటి ఉంది. దాని వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. స్పిండిల్ ఎంత తిరిగిందో కంట్రోలరుకు తెలుస్తుంది కాబట్టి, రంధ్రాల్లో స్క్రూ మర చెక్కే ట్యాప్ అనే పనిముట్టుతో యంత్రమే మర కోయగలదు. నా ఇంజన్ నమూనాలో చిన్నా పెద్దా కలిపి 60కి పైగా మర రంధ్రాలున్నాయి. వాటిని చేత్తో కోసే ఓపిక నాకు లేదు.

మోటారు ఎంపిక

చూడవలసింది 80 మి.మీ. ఫ్లాంజి ఉన్న 750 వాట్ల మోటారు. 220 వోల్టుల సింగిల్ ఫేజు డ్రైవుతో నడుస్తుంది కాబట్టి ఇంట్లో మామూలు కరెంటు చాలు. ఈ సైజులో చాలావరకు కొలతలు ఒకటే: షాఫ్టు 19 మి.మీ., దానికి 6 మి.మీ. కీ (పుల్లీ జారకుండా పట్టే ముక్క), ముందు వైపు 70 మి.మీ. గుండ్రటి మెట్టు, 90 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టు రంధ్రాలు. అయినా చేతికొచ్చిన మోటారును వెర్నియర్‌తో కొలిచాకే ప్లేటు గీయండి.

మోటారు, డ్రైవు, రెండు కేబుళ్లు జతగానే కొనాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. మామూలు త్రీఫేజు మోటారుకు వోల్టేజీ, సైజు సరిపోతే ఏ వీఎఫ్‌డీ అయినా పనికొస్తుంది. సర్వోలో ఒకరి ఎన్‌కోడర్ మాట్లాడే భాష ఇంకొకరి డ్రైవుకు అర్థం కాదు. పాత సామాను దుకాణంలో మోటారు ఒక్కటే చవకగా కనిపించినా చెయ్యి వెనక్కి తీసుకోండి.

పాతదే కొంటానంటే మల్టీమీటరు వెంట తీసుకెళ్లండి. మోటారుకు కరెంటు తెచ్చే యు, వి, డబ్ల్యు అనే మూడు వైర్లలో ఏ రెండింటి మధ్య కొలిచినా ఒకే ఓమ్‌లు చూపాలి. మూడింటిలో దేనికీ బాడీతో సంబంధం ఉండకూడదు. ఆ తర్వాత షాఫ్టును వేళ్లతో తిప్పండి. మెత్తగా, సమానంగా తిరగాలి. ఇప్పుడు మూడు వైర్లనూ ఒకచోట కలిపి పట్టుకుని మళ్లీ తిప్పండి. తేనెలో గరిటె తిప్పినట్టు బరువుగా, అయినా చుట్టంతా ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట బరువు, ఒకచోట తేలిక అయితే వైండింగు పోయినట్టే. ఇంకో మాట: షాఫ్టు అసలు కదలకపోతే మోటారు పాడైందని తేల్చేయకండి. కొన్నిటిలో 24 వోల్టులు ఇస్తేనే వదిలే బ్రేకు ఉంటుంది. అలాంటిది స్పిండిల్‌కు అక్కర్లేని బరువు. బ్రేకు లేనిదే వెతకండి.

పుల్లీల లెక్క

సర్వోను స్పిండిల్‌కు నేరుగా తగిలిస్తే 3,000 దగ్గర ఆగిపోతాం. ఇత్తడికి, అల్యూమినియానికి ఇంకొంచెం వేగం ఉంటే బాగుంటుంది. అందుకని మోటారుకు 50 పళ్లు, స్పిండిల్‌కు 30 పళ్లు పెట్టాను. మోటారు 3,000 తిరిగితే స్పిండిల్ 5,000 తిరుగుతుంది. దానికి మూల్యంగా టార్కు 2.39 నుంచి 1.43కు తగ్గుతుంది. స్టీలు పని ఎక్కువగా ఉన్నవారు సమానమైన పళ్లు పెట్టుకోవచ్చు. రెండు మెట్ల పుల్లీలు చేద్దామని నేనూ మొదట ఉబలాటపడ్డాను. ఏడాదిలో ఒక్కసారి కూడా వాటి అవసరం రాలేదు.

బెల్టు 5ఎం హెచ్‌టీడీ, 15 మి.మీ. వెడల్పు. పన్నుకూ పన్నుకూ మధ్య 5 మి.మీ. కాబట్టి లెక్క నోటితోనే అవుతుంది. 50 పళ్ల పుల్లీ చుట్టుకొలత 250, 30 పళ్లది 150. రెండూ కలిపి సగం చేస్తే 200. దుకాణంలో దొరికే 500 మి.మీ. బెల్టులో నుంచి ఆ 200 తీసేస్తే 300. ఇందులో నుంచి చిన్న సవరణ తీయాలి. పుల్లీల వ్యాసాల తేడా 31.8, దాని వర్గాన్ని ఇరుసుల దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే 1.7 వస్తుంది. మిగిలిన 298.3లో సగం, అంటే 149 మి.మీ., రెండు ఇరుసుల మధ్య దూరం. మీ యంత్రం తల మీద ఆ దూరంలో మోటారు పడుతుందో లేదో అట్టముక్క కోసి పెట్టి చూసుకోండి. పట్టకపోతే 475 బెల్టుతో లెక్క మళ్లీ వేయండి.

వి-బెల్టు నిశ్శబ్దంగా ఉంటుంది కదా అంటారు. నిజమే, పళ్ల బెల్టు 4,000 దాటాక సన్నగా ఈల వేస్తుంది. అయితే వి-బెల్టు జారుతుంది. మన ఎన్‌కోడర్ మోటారు వెనక ఉంది, ట్యాప్ స్పిండిల్‌లో ఉంది. మధ్యలో బెల్టు జారితే కంట్రోలరు ఒక లెక్కలో, ట్యాప్ ఇంకో లెక్కలో ఉంటాయి. విరిగేది ట్యాపే. బెల్టులు, పుల్లీలు, బేరింగులు నేను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నాను. బోరు (పుల్లీ నడిమి రంధ్రం), కీవే (కీ కూర్చునే గాడి) మాత్రం మనమే చేసుకోవాలి.

విప్పకముందే అన్నీ కోసుకోండి

ఇది నా తెలివితక్కువతనం కథ. ఉత్సాహంలో పాత మోటారు, గేర్లు మొదటి రోజే విప్పేశాను. తర్వాత మోటారు ప్లేటు కోయాలి. కోసే యంత్రం బల్ల మీద ముక్కలై ఉంది. 12 మి.మీ. అల్యూమినియం ప్లేటు చంకన పెట్టుకుని పాత మిత్రుడి షాపుకు వెళ్లాను. ఆయన కాఫీ ఇచ్చి, ప్లేటు కోసి, ఈ ముచ్చటను ఇప్పటికీ పదిమందికీ చెబుతున్నాడు. ఆ తొందరలో బిగింపు రంధ్రాలు గుండ్రంగా వేయించుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే బెల్టు ఎక్కదు. పళ్ల బెల్టు సాగదు కదా. అంచులున్న పుల్లీల మీదికి అది ఎక్కాలంటే ఇరుసులు కనీసం 5 మి.మీ. దగ్గరకు రావాలి, ఎక్కాక బిగువు కోసం 3 మి.మీ. దూరం జరగాలి. మళ్లీ కాఫీకి వెళ్లాను.

కాబట్టి పాత గేర్లు బతికుండగానే ప్లేటు, పుల్లీల బోర్లు, కవరు బిగించే ముక్కలు అన్నీ కోసి పెట్టుకోండి. ప్లేటులో 70 మి.మీ. రంధ్రం మోటారు మెట్టుకు సరిగ్గా పట్టేలా ఉండాలి, దాని వల్లే మోటారు పక్కకు జరగకుండా సరైన చోట కూర్చుంటుంది. ప్లేటును తలకు బిగించే నాలుగు రంధ్రాలు మాత్రం 12 మి.మీ. పొడుగు కోలగా ఉండాలి. నా అమరికలో మోటారు ప్లేటు కింద వేలాడుతుంది, షాఫ్టు పైకి వస్తుంది, పుల్లీలు తల మీద ఉంటాయి. డ్రాబారు (కటర్ పట్టును పైనుంచి లాగి పట్టే పొడవాటి బోల్టు) బిగించడానికి స్పిండిల్ పుల్లీ నడిమి ఖాళీగానే ఉంటుంది.

మోటారు, ప్లేటు కలిసి నా తలకు నాలుగున్నర కిలోలు పెరిగాయి. తలను పైకీ కిందికీ నడిపే జడ్ అక్షం స్టెప్పరు మోటారు పైకి లేపేటప్పుడు అడుగులు తప్పడం మొదలుపెట్టింది. కారు డిక్కీ తలుపుకు ఉండే గ్యాస్ స్ప్రింగు ఒకటి కాలమ్‌కూ తలకూ మధ్య బిగించాక కుదురుకుంది.

పుల్లీ ఎక్కించడం, ఇడ్లీ పాత్ర సహాయంతో

ఈ ఒక్కచోట నిదానంగా చదవండి. సర్వో షాఫ్టు మీద సుత్తి దెబ్బ పడకూడదు. చెక్క సుత్తి అయినా, మెల్లగా అయినా వద్దు. చాలా ఎన్‌కోడర్లలో సన్నటి గాజు బిళ్ల ఉంటుంది, అది షాఫ్టు రెండో చివరే కూర్చుని ఉంటుంది. ముందు కొట్టిన దెబ్బ వెనక బిళ్లకు తగులుతుంది. మోటారు చూడడానికి బాగానే ఉంటుంది, కరెంటు ఇస్తే ఎన్‌కోడర్ అలారం వస్తుంది. లేత్ మీద మండ్రెళ్లకు పుల్లీలు కొట్టి కొట్టి అలవాటైన చేతులకు ఇది పెద్ద పరీక్ష.

బోరును 19 మి.మీ. హెచ్7 రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) ముగించాను. చల్లగా ఉన్నప్పుడు పుల్లీ షాఫ్టు మొదట్లోనే పట్టేసింది. దాన్ని ఇడ్లీ పాత్రలో పెట్టి పావుగంట ఆవిరి పట్టించాను. అల్యూమినియం ప్రతి డిగ్రీకీ మీటరుకు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 60 డిగ్రీలు వేడెక్కితే 19 మి.మీ. బోరు 26 మైక్రాన్లు పెరుగుతుంది. మనకు అంతకంటే అక్కర్లేదు. తోలు గ్లౌజులతో తీసి, బోరులోని తడి గుడ్డతో తుడిచి, షాఫ్టు మీద ముందే కూర్చోబెట్టిన కీకి ఎదురుగా పట్టి తోశాను. ఒక్క ఊపున వెళ్లి కూర్చుంది. మధ్యలో ఆగితే అక్కడే పట్టేస్తుంది కాబట్టి లోతును ముందే స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఇడ్లీ పాత్రను తోమి యథాస్థానంలో పెట్టాను గానీ, నూనె వాసన నన్ను పట్టించింది.

కీ లేకుండా ఒక్క గ్రబ్ స్క్రూ (పక్క నుంచి షాఫ్టును నొక్కే తల లేని స్క్రూ) మీద భరోసా పెట్టుకోకండి. ఒకే వైపు తిరిగే మోటారుకైతే కొన్నాళ్లు నడుస్తుంది. మర కోసేటప్పుడు స్పిండిల్ క్షణంలో ఎదురు తిరుగుతుంది, ప్రతి రంధ్రానికీ అలాగే. ఆ కుదుపుకు స్క్రూ షాఫ్టును గీరుకుంటూ జారుతుంది.

రెండు పుల్లీలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో స్టీలు స్కేలు అంచు ఆనించి చూడండి. బెల్టు బిగువు మరీ లాగకండి, నడిమిన బొటనవేలితో నొక్కితే రెండు మూడు మి.మీ. దిగాలి. అతిగా లాగితే స్పిండిల్ పై బేరింగు వేడెక్కుతుంది.

వైరింగు: ఎలక్ట్రీషియన్లకు కూడా కొత్తగా ఉండే సంగతులు

మామూలు త్రీఫేజు మోటారు ఎదురు తిరిగితే రెండు వైర్లు మార్చేస్తాం. అది రక్తంలో ఉన్న అలవాటు. సర్వోకు అలా చేయకూడదు. యు, వి, డబ్ల్యు ఎక్కడివి అక్కడే ఉండాలి. నాకు సాయం చేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దిశ తిరగబడిందని రెండు వైర్లు మార్చాడు. కరెంటు ఇవ్వగానే మోటారు ఒక్కసారి ఎగిరిపడి అలారంతో ఆగింది. అదృష్టం కొద్దీ అది బెంచి వైసులో బిగించి ఉంది. దిశను డ్రైవు సెట్టింగులో మార్చుకోవాలి. అందుకే మొదటి పరీక్ష యంత్రం మీద చేయకండి. మోటారును వైసులో పట్టించి, షాఫ్టు కీ తీసేసి, డ్రైవు ప్యానెల్‌లోని జాగ్ మోడ్‌లో 100 చుట్లతో తిప్పి చూడండి.

ఇంటి 230 వోల్టులు డ్రైవు లోపల డీసీగా మారి 325 వోల్టులవుతాయి. స్విచ్ తీసేసినా కెపాసిటర్లలో అది కొన్ని నిమిషాలు నిలిచే ఉంటుంది. డ్రైవు మీద ఛార్జి లైటు ఆరేదాకా కవరు ముట్టుకోవద్దు. ఆరాక కూడా నేను మీటరు పెట్టి చూస్తాను.

డ్రైవుకు విడిగా ఒక ఎంసీబీ, దాని తర్వాత నాయిస్ ఫిల్టరు పెట్టండి. ఫిల్టర్లు కొంచెం కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి. కొన్ని ఇళ్లలో దాని వల్ల 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే ఆపేసే స్విచ్) పడిపోతుంటుంది. అప్పుడు "ఎర్త్ వైరు తీసేయండి సార్, సరిపోతుంది" అనే సలహా వస్తుంది. నాకూ వచ్చింది. ఇనుప యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పనిచేసేది మనం. ఎర్త్ తీయకండి. లీకేజీ తక్కువ ఉండే ఫిల్టరు వేసుకోండి, అప్పటికీ పడిపోతుంటే డ్రైవుకు విడి సర్క్యూట్, విడి ఆర్‌సీసీబీ పెట్టించండి.

మోటారు కేబుల్, ఎన్‌కోడర్ కేబుల్ ఒకే గొట్టంలో పోనివ్వకండి. నేను అందంగా ఉంటుందని రెంటినీ కలిపి కట్టాను. స్పిండిల్ తిరగడం మొదలైతే చాలు, జడ్ లిమిట్ స్విచ్ (అక్షం చివరికి వచ్చిందని చెప్పే స్విచ్) తగలకుండానే తగిలినట్టు కంట్రోలరు ఆగిపోయేది. రెంటినీ ఒక జానెడు దూరం చేసి, కేబుల్ మీది లోహపు షీల్డును డ్రైవు వైపు బాడీకి బిగించి, స్విచ్‌లను 5 వోల్టుల నుంచి 24కు మార్చాక ఆ జబ్బు వదిలింది.

ఎమర్జెన్సీ బటన్ నొక్కగానే డ్రైవు మెయిన్ కరెంటును తక్షణం కోసేయాలనిపిస్తుంది. అలా చేస్తే స్పిండిల్ తనకు తోచినంతసేపు తిరిగి ఆగుతుంది. బటన్ ముందు డ్రైవుకు ఆగమని చెప్పాలి, అది బ్రేకు వేశాక టైమరు రిలే మెయిన్ కరెంటు తీయాలి. డ్రైవుకు ఎస్‌టీఓ అనే, మోటారు బలాన్ని ఆపేసే భద్రతా ఇన్‌పుట్ ఉంటే దాన్ని కూడా ఆ టైమరు వెనకే కలపండి.

డ్రైవు సెట్టింగులు

డ్రైవును స్పీడ్ మోడ్‌లో పెట్టాను. అక్షాల మాదిరి పల్సులతో నడపవచ్చు కదా అంటే, నడపవచ్చు. చుట్టుకు 10,000 పల్సులైతే 3,000 చుట్లకు సెకనుకు అయిదు లక్షల పల్సులు కావాలి. చిన్న కంట్రోలర్లకు అది మోయలేని బరువు. స్పీడ్ మోడ్‌లో 0 నుంచి 10 వోల్టులు ఇస్తే చాలు. 10 వోల్టులకు మోటారు 3,000 తిరిగేలా, అంటే వోల్టుకు 300 చొప్పున పెట్టండి. పారామీటరు నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, మాన్యువల్ ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి.

ఆగే సమయం దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదట అర సెకను పెట్టాను. 5,000 దగ్గర ఆపగానే ఓవర్‌వోల్టేజీ అలారం వచ్చింది. తిరిగే బరువులో ఉన్న శక్తి వెనక్కి వచ్చి డ్రైవు కెపాసిటర్లను నింపేస్తుంది. దాన్ని కాల్చేయడానికి బ్రేకింగ్ రెసిస్టరు పెట్టవచ్చు, ఓమ్‌లు మాన్యువల్ చెప్పినదానికంటే తగ్గకూడదు. నేను ఆగే సమయాన్ని 3.3 సెకన్లకు పెంచి ఊరుకున్నాను. అంటే సెకనుకు 1,500 చుట్ల చొప్పున తగ్గుతుంది. హాబీ పనికి అంత తొందరేమీ లేదు.

టార్కు పరిమితిని 150 శాతం దగ్గర పెట్టండి. డ్రైవు 300 శాతం దాకా లాగగలదు, కానీ మధ్యలో ఉన్న కటర్ మనది. ఇక గెయిన్‌ల (డ్రైవు ఎంత చురుగ్గా సరిదిద్దాలో చెప్పే అంకెల) జోలికి వెళ్లి గంటలు గంటలు కూర్చోకండి. ఆటో ట్యూనింగ్ చేసి, మోటారు గుయ్‌మంటే ఒక మెట్టు తగ్గించండి. స్పిండిల్‌కు అది చాలు.

కంట్రోలరుకు లెక్క చెప్పడం

నాది లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోలరు సాఫ్ట్‌వేర్, దాన్ని యంత్రానికి కలిపేది మెసా 7ఐ76ఈ కార్డు. పాత ప్యారలల్ పోర్టుతో ఈ పని కాదు. ఎన్‌కోడర్ సెకనుకు అయిదు లక్షల లెక్కలు పంపుతుంటే సాఫ్ట్‌వేర్ అన్నిటినీ పట్టుకోలేదు. ఆ కార్డుతో ఒక చిక్కు ఉంది, నాకు రెండు సాయంత్రాలు తినేసింది. అది 10 వోల్టులను తనంతట తాను పుట్టించదు. వీఎఫ్‌డీకి ఉండే స్పీడ్ పాట్ (వేగం మార్చే నాబ్) స్థానంలో కూర్చునేలా చేశారు, బయటి నుంచి 10 వోల్టులు ఇస్తే అందులో కొంత భాగం వదులుతుంది. వీఎఫ్‌డీలో ఆ టెర్మినల్ ఉంటుంది. నా సర్వో డ్రైవులో లేదు. చిన్న విడి 10 వోల్టుల సప్లయి పెట్టాల్సి వచ్చింది. ఇంకొకటి, అది మైనస్ వోల్టులు ఇవ్వదు. దిశను డిజిటల్ ఇన్‌పుట్‌తో మార్చే సౌకర్యం డ్రైవులో ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఎన్‌కోడర్ స్కేలు: 2,500 గీతల ఎన్‌కోడర్‌ను నాలుగు రెట్లు చేసి చదివితే మోటారు చుట్టుకు 10,000. స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే మోటారు తిరిగేది ముప్పై బై యాభై, అంటే 0.6 చుట్టు. కాబట్టి స్పిండిల్ చుట్టుకు 6,000. లెక్క మీద నమ్మకంతో వదిలేయకండి. స్పిండిల్ మీద తెల్ల పెయింటు చుక్క పెట్టి, సర్వో ఆన్ చేయకుండా చేత్తో సరిగ్గా పది చుట్లు తిప్పండి. తెర మీద 60,000 పెరగాలి. కటర్ కోసే దిశలో తిప్పితే తగ్గుతోందంటే స్కేలుకు మైనస్ గుర్తు పెట్టాలి.

సున్నా వోల్టుల దగ్గర స్పిండిల్ గడియారం ముల్లులా నెమ్మదిగా పాకుతుంటే కంగారు పడవద్దు. కొద్ది మిల్లీవోల్టుల తేడా అది. డ్రైవులో ఆఫ్‌సెట్ సరిచేసి, స్పిండిల్ ఆపినప్పుడు సర్వో ఎనేబుల్ (మోటారును పనిచేయనిచ్చే సంకేతం) కూడా పోయేలా పెట్టండి. కొల్లెట్ (కటర్‌ను పట్టే బిగింపు) మార్చేటప్పుడు ఎనేబుల్ ఉండనే కూడదు.

మొదటి రోజు 1,000 దగ్గర అరగంట, తర్వాత 2,000, 3,000, అలా పైకి వెళ్లండి. ఈ యంత్రాల బేరింగులు 5,000ను ఊహించి వేసినవి కావు. తల మీద చెయ్యి నిలవనంత వేడెక్కితే ఆపేయండి. నేను చివరికి యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులకు మారాను, అది వేరే రోజు కథ.

మర కోయడం

లైనక్స్‌సీఎన్‌సీలో రిజిడ్ ట్యాపింగ్‌కు (స్పిండిల్ చుట్లతో జడ్ కదలికను జత చేసి మర కోయడానికి) జీ33.1 అనే ఆదేశం వాడాలి. ఎం5 మరకు పిచ్ (చుట్టుకు దిగే దూరం) 0.8 మి.మీ. కాబట్టి ఆ ఆదేశంలో కే విలువ 0.8. స్పిండిల్‌ను 300 దగ్గర ముందే తిప్పుతూ, ట్యాప్ కొసను రంధ్రానికి 4 మి.మీ. పైన నిలిపి, జడ్ లోతు ఇచ్చి వదలండి. ఆ 4 మి.మీ. ఖాళీ అవసరం, జడ్ అక్షం స్పిండిల్ వేగాన్ని అందుకోవడానికి కాస్త దారి కావాలి. మొదటిసారి ట్యాప్ లేకుండా గాలిలో చేయించండి, తర్వాత నైలాన్ ముక్కలో, ఆ తర్వాతే అల్యూమినియంలో.

మోటారు ఎన్‌కోడర్‌తో కోసిన మరలోకి రెండోసారి ట్యాప్ పంపకండి. మోటారు మూడు చుట్లకు స్పిండిల్ ఐదు తిరుగుతుంది. ఎన్‌కోడర్ ఇచ్చే చుట్టు గుర్తు స్పిండిల్‌లో ప్రతిసారీ ఒకేచోట పడదు, ట్యాప్ పాత గాడిలోకే దిగుతుందన్న హామీ లేదు. అలా కావాలంటే స్పిండిల్ మీదే ఒక సెన్సరు పెట్టాలి. ఇక ఈ పుల్లీలతో ఎం.ఎస్.లో ఎం8 ట్యాప్‌ను ఆశించవద్దు, అంత టార్కు దీని దగ్గర లేదు.

అడుగు మూసిన రంధ్రాల్లో జాగ్రత్త. లోతు చేరగానే స్పిండిల్‌కు ఎదురు తిరగమని ఆదేశం వెళ్తుంది, కానీ అది ఆగడానికి సమయం పడుతుంది, ఆ లోపు ట్యాప్ ఇంకా దిగుతూనే ఉంటుంది. సెకనుకు 1,500 చొప్పున తగ్గే నా స్పిండిల్ 300 నుంచి ఆగడానికి 0.2 సెకను, ఆ కాసేపట్లో అర చుట్టు, ఎం5కు 0.4 మి.మీ. అదే 1,000 దగ్గర మొదలుపెడితే ఐదున్నర చుట్లు, దాదాపు నాలుగున్నర మి.మీ. తొమ్మిది రంధ్రాలు బాగా వచ్చాయన్న ధీమాతో పదోదానికి నేను వేగం 1,000కు పెంచాను. ట్యాప్ రంధ్రం అడుగుకు తగిలి విరిగింది. ఆ ముక్క ఇంకా నా ఇంజన్ క్రాంక్‌కేసు మూలలో అలాగే ఉంది. దాని మీద పెయింటు వేశాను.